తాళాలత్త వెళ్ళిపోయిన వానాకాలం

మా అత్తగారు ఎవరినీ గట్టిగా ఒక మాట అనగలిగే మనిషి కాదు. పాలవాడు వారం రోజులపాటు నీళ్ళపాలు పోస్తే, "ఏం నాయనా, గేదెకి ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగిన మనిషి. అలాంటి ఆవిడని లక్షలమంది గయ్యాళి అత్తగా చూసి, తిట్టుకుని, పడీపడీ నవ్వుకుని, పొద్దున్న లేవగానే ఇవాళ ఎవరి మీద పడిందోనని ఫోన్లు తెరిచిన కాలం ఒకటుంది. ఆ కాలం ఒక వానాకాలానికి కాస్త ముందు మొదలై ఆ వానలతోనే పోయింది. ఇప్పటికీ మొదటి చినుకుల వాసన రాగానే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మాది గొడుగుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సినంత ఇరుకు మెట్లు. వానలు పడినన్నాళ్ళు ఊపిరాడని పని, మిగతా ఏడంతా గోళ్ళు గిల్లుకోవడం. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. కొట్లో బావగారు కూర్చునేవారు. మా ఆయన ఊళ్ళు తిరిగి సరుకు వేసి వచ్చేవాడు. పైన ముందుగదిలో కిటికీ వైపు అత్తయ్య, అక్క, నేను. అక్కంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. అత్తయ్య గుడ్డ కత్తిరిస్తే, అక్క ఆ ఎనిమిది ముక్కల్ని మిషన్ మీద కలిపి కుట్టేది. నేను ఊచలకి బిగించేదాన్ని. చేతులు వాటి పని అవి చేసుకుంటూ ఉంటే నోళ్ళకి ఇంకేం పని? మధ్యాహ్నమంతా కబుర్లే.

ఆ ఏడు ఎండలు వదలకుండా కాశాయి. కొట్లో ఈగలు కూడా వాలడం లేదు. ఒక మధ్యాహ్నం చక్కెర డబ్బా అడుగంటిందని అక్క అంటే, అత్తయ్యకి వాళ్ళ అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ నడుముకి తాళాలగుత్తి కట్టుకుని తిరిగేదట. చక్కెర డబ్బాకి కూడా తాళం వేసేదట. ఆవిడ నడక, మూతి తిప్పుడు, కళ్ళజోడు మీంచి చూసే చూపు మా అత్తయ్య చేసి చూపిస్తుంటే నేను కూర్చున్న ముక్కాలిపీట మీంచి జారిపడ్డాను.

"ఉండండత్తయ్యా, అలాగే ఉండండి. కదలకండి" అంటూ అక్క ఫోన్ తీసింది.

కొట్టు షట్టరు తాళాలగుత్తి తెచ్చి అత్తయ్య నడుముకి తనే కట్టింది. నన్ను చక్కెర డబ్బా ముందు నిలబెట్టింది. ఏమనాలో ఇద్దరికీ చెప్పింది. అంత సరదా మాటలు అక్కకి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చాయో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పెళ్ళయినప్పటి నుంచి మిషన్ తొక్కడమే తప్ప ఇంకేదైనా చెయ్యగలవా అని తనని అడిగినవాళ్ళు లేరు. నిమిషం వీడియో. అందరూ వాడే ఆ యాప్‌లో అక్క అప్పటికప్పుడు ఒక ఖాతా తెరిచి పెట్టేసింది. మర్నాటికి మా పాలవాడు కూడా చూశాడు. నెల తిరిగేసరికి అత్తయ్యకి కొత్తపేరు స్థిరపడిపోయింది. తాళాలత్త.

వానలు మొదలయ్యేసరికి మా కొట్టుకి గొడుగు కావలసినవాళ్ళ కంటే తాళాలత్తని చూడాలనుకునేవాళ్ళే ఎక్కువ. బావగారు మొదట్లో విసుక్కున్నారు. తరవాత, చూడటానికి వచ్చినవాళ్ళు సిగ్గుకైనా ఒక గొడుగు కొంటున్నారని గమనించి, విసుగు మానేశారు. ఒక బట్టలసబ్బు కంపెనీవాళ్ళు వీడియోలో తమ సబ్బు కనబడాలని పెట్టెలకి పెట్టెలు పంపించారు. మంచం కింద సబ్బులు, బీరువా మీద సబ్బులు. ఇల్లంతా చాకిరేవు వాసన.

ఒకరోజు ఒకావిడ ఊచ విరిగిన గొడుగు తీసుకుని పైకి వచ్చింది. అత్తయ్య ఆవిడకి టీ తెచ్చిచ్చి లోపలికి వెళ్ళగానే, వచ్చినావిడ నా చెవిలో గుసగుసగా అడిగింది.

"నిజంగా కూడా ఇలాగే రాచిరంపాన పెడుతుందా అమ్మా?"

"అయ్యో, లేదండీ. ఆవిడ బంగారం."

"పాపం, పైకి చెప్పుకోలేవులే" అని నా చెయ్యి నొక్కింది.

గుమ్మంలో ఉన్న అత్తయ్య విననే విన్నది. వెంటనే నడుం మీద చెయ్యి వేసి, "ఏయ్ చిన్నదానా! టీలో అంత చక్కెర ఎవర్నడిగి వేశావ్?" అని గద్దించింది. వచ్చినావిడ చప్పట్లు కొట్టి మురిసిపోయింది. అందరం నవ్వాం. ఆవిడ వెళ్ళాక అత్తయ్య ఖాళీ గ్లాసు తీస్తూ, "ఆ టీ పెట్టింది నేనేగా" అంది మెల్లిగా, ఎవరితోనూ కానట్టు.

సాయంత్రాలు అత్తయ్య వీధి చివరిదాకా నడిచి వచ్చేది. దారిలో నాలుగు గుమ్మాల దగ్గర ఆగి, నలుగురు పిల్లల్ని ఎత్తుకుని, ఇంటికి వచ్చేసరికి చీకటి పడేది. ఆ వానాకాలంలో పిల్లలు ఆవిణ్ణి చూడగానే "తాళాలత్తోయ్!" అని అరిచి గుమ్మాల్లోకి దూరడం మొదలెట్టారు. "నా పేరు చెబితే పిల్లలు కిక్కురుమనకుండా అన్నం తింటున్నారటే" అని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. ఆ తరవాత నడక మానేసింది. అడిగితే మోకాళ్ళంది.

ఫోన్‌కి స్టాండు కొన్నాక అక్క కూడా పెద్దకోడలుగా ఫ్రేములోకి వచ్చింది. చూసేవాళ్ళు రోజూ కొత్తది కావాలనేవాళ్ళు. ఇంకా గట్టిగా తిట్టమనేవాళ్ళు. అత్తయ్య అద్దం ముందు నిలబడి తిట్లు సాధన చేసేది. అక్క ఒక చేత్తో మిషన్ చక్రం తిప్పుతూ, రెండో చేత్తో ఫోన్లో వ్యాఖ్యలు చదువుతూ ఉండేది. వాటిలో నూటికి తొంభై తొమ్మిది మంచివే. కానీ నాలుక ఎప్పుడూ పుచ్చు పంటి మీదికే పోతుందిగా.

"పెద్దకోడలు పీపాలా ఉంది, ఫ్రేములో పట్టడం లేదు" అని ఎవరో రాశారు. దాని కింద వందలమంది నవ్వారు. "చిన్నకోడలు చందమామ" అని ఇంకెవరో రాశారు. మొదటిది అక్క నాకు చూపించలేదు. రెండోది నేను అక్కకి చూపించలేదు. ఇద్దరం రెండూ చదివాం.

అప్పటినుంచి అక్క అన్నం పెట్టుకుని కెలికి లేచిపోయేది. రాసింది తను, తీసింది తను, మాటలన్నీ కూర్చింది తను. పేరేమో నాకూ అత్తయ్యకీ. కెమెరా ముందు నన్ను "చెల్లీ" అని నోరారా పిలిచి, అది ఆగగానే "కొంచెం పక్కకి జరుగు, వెలుతురు నా మీద పడనివ్వు" అనేది. నేనూ తక్కువ తినలేదు. జరిగేదాన్ని కాదు. మూడు పీటలూ ఉన్నచోటే ఉన్నాయి. మధ్యాహ్నాల్లో మాత్రం మేం మాట్లాడుకునే మాటలన్నీ రాసుకున్నవే.

"నిద్రలేక నీ కళ్ళు చూడు, ఎలా అయిపోయాయో. తీసిపారెయ్ దాన్ని" అన్నారు ఒకసారి బావగారు.

"నాకంటూ ఉన్నది అదొక్కటే" అంది అక్క.

ఆయన మెట్లు దిగిపోయారు.

వానలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం మరమ్మతుకి గొడుగులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఇక వీడియోకి వేళ లేదు. ముగ్గురం పనిలో తలలు దించుకుని కూర్చున్నాం. ఫోన్ దాని స్టాండులో ఉంది కానీ ఆపేసే ఉంది. బయట హోరున వాన. అత్తయ్య ఒక పాత నల్లగొడుగు విప్పి, దాని కర్రపిడిని అటూ ఇటూ తిప్పి చూసి, మేం ఎవరం అడక్కుండానే మొదలుపెట్టింది.

"మీ మామగారు ఎప్పుడూ గొడుగు వేసుకునేవారు కాదు, తెలుసా? అమ్మే సరుకు తడిస్తే పాతదైపోతుందనేవారు. ఊరందరికీ గొడుగులమ్మి ఆయన మాత్రం తడిసి ముద్దయి ఇంటికొచ్చేవారు. పెద్దాడు పుట్టిన రోజు కూడా ఇదే వాన. ఆసుపత్రిలో నేను పడుకుని ఉంటే గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడ్డారు. చంకలో గొడుగు. చుట్టిన కాగితం కూడా విప్పలేదు. అదేంటండీ, వేసుకోవచ్చుగా అన్నాను. 'కొత్తది. పిల్లాడికి' అన్నారు. వాణ్ణి ఇంటికి తీసుకొచ్చేటప్పుడు ఆ గొడుగు మొదటిసారి విప్పారు. నా మీదా, వాడి మీదా పట్టుకుని, ఆయన మళ్ళీ తడిశారు."

అక్క కాలు మిషన్ మీద ఆగిపోయింది. ఆ పెద్దాడు తన మొగుడే. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి తను విననే లేదు.

అత్తయ్య వేళ్ళతో కళ్ళు ఒత్తుకుంది. తల ఎత్తి ఫోన్ స్టాండు వైపు చూసింది. మా ఇద్దరి ముఖాలూ చూసింది. పీట కొంచెం కిటికీ వైపు జరుపుకుంది.

"మళ్ళీ చెప్పనా? ఈసారి ఇటు తిరిగి చెబుతాను" అంది.

అక్క లేచింది. "వద్దత్తయ్యా. బాగానే చెప్పారు" అంటూ స్టాండు కాళ్ళు ముడిచి, తలుపు వెనక పెట్టి వచ్చి, మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. ఆ సాయంత్రందాకా తను కుట్టిన కుట్లన్నీ వంకరగా వచ్చాయి. మర్నాడు నేనే విప్పి కుట్టాను.

ఆ మర్నాడే, పొద్దున్న అందరం టిఫిన్ తింటుండగా అక్క ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తీసేస్తున్నా."

"ఏంటి తీసేది?" అన్నారు బావగారు.

"ఖాతా. మొత్తం."

అత్తయ్య ప్లేటు పక్కకి నెట్టింది. "నా గురించైతే వద్దే పెద్దదానా. నాకేం కష్టం లేదు. అలవాటైపోయింది."

"మీ గురించి కాదత్తయ్యా. నాకు నిద్ర పట్టట్లేదు. అంతే."

అది నిజమే. మొత్తం నిజం కాదని మా ముగ్గురికీ తెలుసు. అక్క ఎక్కడెక్కడో నొక్కి చివరికి ఒకచోట ఆగింది. 'మీరు నిజంగానే వెళ్ళిపోవాలనుకుంటున్నారా?' అని అడుగుతోంది. నెలలోపు మనసు మారితే వెనక్కి రావచ్చట. అక్క వేలు గాల్లోనే ఉండిపోయింది.

"ఎన్ని రాశానో..." అంది. తరవాత ఫోన్ నా వైపు జరిపింది. "నువ్వు నొక్కవే."

"నేను నొక్కితే రేపు నన్నంటావు. నువ్వే నొక్కు."

"ఇలా ఇవ్వండి. ఎక్కడ నొక్కాలో చూపించండి" అని అత్తయ్య చెయ్యి చాపింది. కళ్ళజోడు సర్దుకుని, సూది మొన పట్టుకున్నంత జాగ్రత్తగా ఒక్క నొక్కు నొక్కింది. తెర తెల్లబడింది.

"అంతేనా?" అంది.

"అంతే" అంది అక్క.

"సబ్బులు వెనక్కిమ్మంటారేమో" అన్నారు బావగారు. ఎవరికీ నవ్వు రాలేదు.

మానెయ్యగానే ప్రాణం తేలికపడిందని చెబితే అబద్ధం. మొదటి రోజులు నరకం. అక్క చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. చివరికి దాన్ని గొడుగుబొత్తాల డబ్బాలో పడేసి, డబ్బా నాకిచ్చి, "నేను అడిగినా ఇవ్వకు" అంది. గంటకే వచ్చి, "బొత్తాలు కావాలి" అంది. కొట్లోకి వచ్చినవాళ్ళు "ఏమైంది, కొట్టుకుని విడిపోయారా?" అని అడిగేవాళ్ళు. పైనుంచి మిషన్ చప్పుడూ, మా ముగ్గురి గొంతులూ వింటూ కూడా, విడిపోయారనే చెప్పుకున్నారు.

అన్నింటికంటే తమాషా అత్తయ్యది. నాలుగైదు రోజులు ఓపిక పట్టి, ఒక మధ్యాహ్నం గుడ్డ కత్తిరిస్తూ, మా వైపు చూడకుండా, "పెద్దదానా, మనల్ని ఎవరైనా అడుగుతున్నారేమో ఒక్కసారి చూడకూడదూ?" అంది.

అక్క ఆవిడ ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళకో.

"చూడచ్చత్తయ్యా. నెలదాకా గడువుందిగా."

"నెలేంటే! మనం అమ్మిన గొడుగునే వారం దాటితే వెనక్కి తీసుకోం. వీళ్ళెవరే ఇంత ఉదారంగా ఉన్నారు?"

ఆ నవ్వుతో అంతా చక్కబడిపోలేదు. మధ్యాహ్నాలు ఇంకా బరువుగానే ఉండేవి. ఏం మాట్లాడినా అది వీడియోలో మాటలా వినబడేది. ఒకరోజు కత్తెర ఎవరు ఎక్కడ పెట్టారన్నదాని మీద అక్కకీ నాకూ మాటా మాటా పెరిగింది. రాసుకోని గొడవ. పీపా దగ్గర్నుంచి చందమామదాకా అంతా బయటికొచ్చింది. "నువ్వు ఆ మాట చదివి మురిసిపోయావు, నాకు తెలుసు" అంది అక్క. "మురిసిపోయాను. నన్నెవరైనా ఎప్పుడైనా అలా అన్నారా ఈ ఇంట్లో?" అన్నాను నేను. అత్తయ్య లేచి మా మధ్యకి వచ్చింది. అలవాటుగా నడుం మీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నాకు మిమ్మల్ని తిట్టడం రాదే, ఏం చెయ్యను?" అంది బిక్కమొహంతో.

కత్తెర ఆవిడ ఒళ్ళోంచి కింద పడి ఉంది. ముగ్గురం ఒకేసారి చూశాం.

ఆ సాయంత్రం వాన కాస్త తెరిపి ఇస్తే అక్క అత్తయ్యని చెయ్యి పట్టుకుని వీధిలోకి బయల్దేరదీసింది. నేనూ వెంట వెళ్ళాను. మామూలుగానే పిల్లలు "తాళాలత్తోయ్!" అంటూ గుమ్మాల్లోకి దూరారు. అత్తయ్య వీధి మధ్యలో ఆగి, కింద అటూ ఇటూ వెతుకుతున్నట్టు చూసింది.

"తాళాలు పోయాయిరా నాన్నా. మీకెవరికైనా కనబడ్డాయా?"

ఒక పాప తల బయటపెట్టింది. "ఎక్కడ పోయాయి?"

"తెలిస్తే వెతకడమెందుకే?"

ఒక్కొక్కళ్ళే బయటికి వచ్చారు. చీకటి పడేదాకా వీధివీధంతా నీటిగుంటల్లో కర్రలు పెట్టి వెతికారు. మర్నాడు కూడా వెతికారు. వాళ్ళలో ఒకడు ఎక్కడిదో తుప్పుపట్టిన సైకిల్ తాళంచెవి తెచ్చి, ఇదేనా అని అడిగితే, "కాదుగానీ బాగుంది, ఉంచు" అని వాడి జేబులోనే వేసింది. అలా ఆవిడ నడక ఆవిడకి తిరిగొచ్చింది. మోకాళ్ళ నొప్పి మాట మళ్ళీ ఎత్తలేదు.

నెల గడువు ఎప్పుడు దాటిందో మాలో ఎవరం చూసుకోలేదు. చాలా రోజుల తరవాత అక్క బొత్తాల కోసం డబ్బా తెరిచి, "అరె, అయిపోయిందే" అంది. ఏమిటని అడిగితే, "ఏం లేదు, నల్లబొత్తాలు" అంది.

ఆ ఏటి ఆఖరి పెద్దవాన ఒక ఆదివారం పడింది. వీధి ఏరైపోయి నీళ్ళు కొట్లోకి వచ్చాయి. సరుకంతా చేతులు మార్చుకుంటూ మెట్ల మీదికి చేర్చాం. ఇక పైకి పోవడానికి దారిలేక, కిందికి దిగడానికి చోటులేక, గొడుగుల కట్టల మధ్య తలో మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాం. అన్నిటికంటే పైన అత్తయ్య, తరవాత అక్క, నేను, మా ఆయన, అన్నిటికంటే కింద, నీళ్ళలో పాదాలు పెట్టుకుని బావగారు. కరెంటు లేదు. అప్పుడు అత్తయ్య గొడుగు దొంగ కథ చెప్పింది.

బావగారు బడికి వెళ్ళే రోజుల్లో ఆయన గొడుగు ఎవరో కొట్టేశారట. లోపలి వైపు అత్తయ్య ఎర్రగుడ్డ ముక్క వేసి కుట్టిన గొడుగు. మూడు వానాకాలాల తరవాత ఒక పొడుగాటి గుమస్తా అదే గొడుగు మరమ్మతుకని మామగారి దగ్గరికే తెచ్చాడట. విప్పగానే ఎర్రముక్క. మామగారు అత్తయ్య వైపు చూశారట, అత్తయ్య మామగారి వైపు చూసిందట. మామగారు నోరు మెదపకుండా బాగుచేసి ఇచ్చారట. అతను పోబోతుంటే అత్తయ్య వెనక్కి పిలిచి ఒక మాట అన్నదట. ఆ మాట ఆవిడ చెప్పిన తీరుకి మా ఆయన నవ్వి నవ్వి నీళ్ళలోకి జారాడు. అక్క నా భుజం మీద వాలిపోయి కళ్ళు తుడుచుకుంది. బావగారు ఒక్కరే కింద నీళ్ళని చూస్తూ తలూపారు.

అత్తయ్య ఇంకా కొన్నేళ్ళు బతికింది. ఒక చలికాలంలో, పెద్దగా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయింది. అప్పుడు వచ్చిన మా ఆడపడుచు, "ఒక్క వీడియో అయినా దాచలేదా వదినా? అమ్మ గొంతు విందామంటే లేకుండా చేశారు" అని ఏడ్చింది. ఆ మాట మాకూ చాన్నాళ్ళు గుచ్చుకుంది. అక్క ఎక్కడెక్కడో వెతికితే, ఎవరో దాచుకున్నది ఒకటి దొరికింది. మిషన్ ఆపి ఇద్దరం పెట్టుకుని చూశాం. తాళాలగుత్తి గలగల, అరుపులు, మూతి తిప్పుడు. సగంలోనే అక్క ఆపేసింది.

"ఇది అత్తయ్య కాదే. వాళ్ళ అత్తగారు" అంది.

మొన్న మళ్ళీ వానలు మొదలయ్యాయి. కుట్టుకుంటూ కూర్చుని గొడుగు దొంగతో అత్తయ్య అన్న మాట దగ్గరికి వచ్చాం. ఏటా వస్తాం. ఏటా పోట్లాడుకుంటాం.

"పిడి కాస్త వదులు బాబూ, మా ఇంట్లో ఉన్నప్పట్నుంచే అంతే" అన్నదని అక్క.

"అది కాదు. ఎర్రముక్క చినిగితే తీసుకురా, ఆ గుడ్డ ఇంకా నా దగ్గరుంది అన్నది."

"నువ్వు కింద మెట్టు మీద కూర్చున్నావు. వాన హోరులో నీకేం వినబడుతుంది?"

"నువ్వు నవ్వుతూ నా చెవిలో అరుస్తుంటే నిజంగానే వినబడలేదులే."

టీ కోసం పైకి వచ్చిన బావగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఆయనకి ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. మనిషి ఎప్పటిలాగే మితభాషి.

"అసలు ఆ గొడుగు ఎవరూ కొట్టెయ్యలేదు" అన్నారు.

ఇద్దరం తలలు తిప్పాం.

"నేనే ఇచ్చాను ఆ గుమస్తాకి. బడి దగ్గర వానలో చెట్టు కింద నిలబడి ఉంటే పాపమనిపించింది. నాకేమో తడుస్తూ ఇంటికి రావాలని ఉంది. ఎవరో ఎత్తుకుపోయారని అమ్మకి చెప్పాను."

అక్క చేతిలో గుడ్డ కింద పెట్టింది. "ఆ రోజు మెట్ల మీద కూర్చుని అంతా వింటూ కూడా, ఆవిడకి చెప్పలేదా?"

బావగారు టీ గ్లాసు అందుకుని, ఊదుకుని, ఒక గుక్క తాగారు.

"చెబుదామనే అనుకున్నాను. అంత బాగా చెబుతోంటే, మధ్యలో పాడుచెయ్యడమెందుకనిపించింది."